పిల్లి కోసం బజారుకెళ్లిన పండితుడు

లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ నుంచి ఒక ఇరుకు సందులోకి తిరిగి, రెండు మలుపులు దాటితే గాఫ్ స్క్వేర్ వస్తుంది. పేరుకే స్క్వేర్, చూస్తే మనవైపు పెద్ద లోగిలి అంత ఉంటుంది. ఒక కొసన 17వ నంబరు ఇటుకల ఇల్లు. దానికి ఎదురుగా రెండో కొసన ఒక కంచు పిల్లి. లావుపాటి పుస్తకం మీద కూర్చుని ఆ ఇంటికేసే చూస్తుంటుంది. పక్కన ఖాళీ ఆయిస్టర్ చిప్పలు, మన ఆల్చిప్పల్లాంటివి. దారిన పోయేవాళ్లు వాటిలో చిల్లర వేసి పోతుంటారు.

రెండేళ్ల క్రితం ఒక ప్రాజెక్టు పని మీద కొన్ని నెలలు ఆ దగ్గర్లోని ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నం లంచ్ బాక్సు పట్టుకుని ఆ స్క్వేర్‌లో కూర్చునేవాణ్ని. బాక్సులో పెరుగన్నం, ఎదురుగా పిల్లి. ఆ రోజుల్లో మా ఇంట్లో గొడవ కూడా సరిగ్గా ఈ రెండింటి గురించే.

మాది శాకాహార కుటుంబం. గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. మా అమ్మాయి ఎన్నాళ్లో పోరితే చివరికి ఒక పిల్లికూనను తెచ్చుకున్నాం. ఇచ్చినవాళ్లు మాంసంతో చేసిన కిట్టెన్ ఫుడ్డే పెట్టాలని చెప్పి, ఒక కాగితం కూడా చేతిలో పెట్టారు. మేం తల ఊపి, ఇంటికొచ్చి పాలన్నం పెట్టాం. ఊళ్లో మా అమ్మమ్మగారింట్లో పిల్లులన్నీ పాలన్నం, పెరుగన్నం తినే పెరిగాయి కదా అని మా ధైర్యం. అవి రాత్రిళ్లు గాదె చుట్టూ తిరిగి ఎలుకల్ని పట్టేవని, పెరట్లో పిట్టల్ని కొట్టేవని, మనం పెట్టే అన్నం వాటికి చిరుతిండి మాత్రమేనని మాకు తట్టలేదు. లండన్ ఫ్లాట్‌లో గాదె లేదు, ఎలుకలూ లేవు. మూడు వారాలు తిరక్కుండా కూనకు విరేచనాలు పట్టుకున్నాయి. బొచ్చులో మెరుపు పోయింది, బరువు పెరగడం ఆగిపోయింది. వెట్ దాన్ని తూకం వేసి, ఏం పెడుతున్నారని అడిగితే నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ సాయంత్రమే డబ్బాలు కొన్నాం. వాటిని తెరిచే పని మా ఆవిడ మీద పడింది. ఆమెదే అని ఎవరూ అనలేదు, అలా పడిపోయింది అంతే. ఆ సమయానికి నేను ఎప్పుడూ ఏదో ఒక కాల్‌లో ఉండేవాణ్ని. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషి, ముక్కుకు చున్నీ కట్టుకుని, చెంచాతో గిన్నెలో వేసి, రెండుసార్లు చేతులు కడుక్కునేది. కూన కోలుకుంది. ఇంట్లో దాని మీద విసుగు మాత్రం మొదలైంది. సోఫా ఎక్కినా తప్పే, కాళ్లకు అడ్డం వచ్చినా తప్పే. 

ఇలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ కంచు పిల్లి కింద రాసి ఉన్నది చదివాను. పేరు హాడ్జ్. ఎదురింట్లో ఒకప్పుడు కాపురమున్న శామ్యూల్ జాన్సన్ పెంచుకున్న పిల్లి. ఆ వారాంతంలోనే ఆయన జీవిత చరిత్ర మొదలుపెట్టాను.

మనకు బ్రౌన్ దొర ఎలాగో ఇంగ్లిష్‌వాళ్లకు జాన్సన్ అలాగ. తెలుగుకు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ చివరి రోజులు లండన్‌లో గడిపి 1884లో ఇక్కడే కన్నుమూశాడు. సరిగ్గా అంతకు వందేళ్ల ముందు, 1784లో, ఇదే ఊళ్లో జాన్సన్ పోయాడు.

పుట్టింది 1709 సెప్టెంబర్ 18న, లిచ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో. తండ్రిది పుస్తకాల కొట్టు. పసికందుగా ఉండగానే గండమాల వ్యాధి సోకింది. పాలిచ్చిన దాది నుంచే అంటిందని ఇంట్లోవాళ్ల అనుమానం. రాజవంశీకుల చేయి తగిలితే ఆ జబ్బు నయమవుతుందని అప్పటి నమ్మకం. 1712లో తల్లి పిల్లవాణ్ని లండన్ దాకా తీసుకెళ్లి ఆన్ రాణి చేత తాకించింది. నయం కాలేదు. మెడ మీద మచ్చలు మిగిలాయి, ఒక కంటికి చూపు సరిగా ఆనేది కాదు, ఒక చెవికి వినికిడి తగ్గింది. పెద్దయ్యాక ఒళ్లు తనకు తెలియకుండానే ఊగేది, మొహం వంకర్లు పోయేది. కొత్తవాళ్లు చూసి మతి స్థిమితం లేని మనిషి అనుకునేవాళ్లట.

1728లో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. 13 నెలలకే డబ్బు అయిపోయింది. చెప్పులు చిరిగి కాలివేళ్లు బయటికి వచ్చిన సంగతి చూసి ఎవరో దయతలచి రాత్రికి రాత్రి ఆయన గుమ్మం ముందు కొత్త జోడు పెట్టి వెళ్లారు. పొద్దున్నే చూసి కోపంతో విసిరి పారేశాడు. ఇచ్చినవాడి మనసు మంచిదే. తీసుకునేవాడికి ఎలా ఉంటుందో ఇచ్చినవాడు ఆలోచించలేదు. ఈ చెప్పుల సంగతి ఇక్కడ కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పిల్లి దగ్గర పనికొస్తుంది.

డిగ్రీ లేకుండా ఇంటికొచ్చాడు. 1735లో తనకంటే ఇరవై ఏళ్లు పెద్దదైన ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువును పెళ్లాడాడు. ఆమె డబ్బుతో ఊరి దగ్గర బడి పెడితే పట్టుమని పదిమంది కూడా చేరలేదు. చేరినవాళ్లలో ఒకడు తర్వాతి కాలంలో ఇంగ్లండ్‌లోకెల్లా పేరుమోసిన నటుడైన డేవిడ్ గారిక్. 1737లో గురుశిష్యులిద్దరూ కలిసి లండన్ దారి పట్టారు. పత్రికలకు రాస్తూ ఏళ్లు గడిపాడు జాన్సన్. రాత్రి తలదాచుకోవడానికి గదికి డబ్బు లేక, రిచర్డ్ సావేజ్ అనే కవి మిత్రుడితో కలిసి తెల్లవార్లూ వీధులు తిరిగిన రోజులున్నాయి. ఆకలంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

1746లో పుస్తక ప్రచురణకర్తలు కొందరు కలిసి ఇంగ్లిష్ నిఘంటువు చేయమని ఒప్పందం రాసుకున్నారు. మొత్తం 1,575 పౌండ్లు, సహాయకుల జీతాలు అందులోంచే. మూడేళ్లలో ఇస్తానన్నాడు, దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. మా వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ ఈ లెక్క వింతగా అనిపించదు. గాఫ్ స్క్వేర్ ఇంటి పై అంతస్తులో ఆరుగురు గుమస్తాలతో కూర్చుని, నలభై రెండు వేలకు పైగా పదాలకు అర్థాలు రాసి 1755లో పూర్తిచేశాడు. నడుమ 1752లో భార్య పోయింది. నిఘంటువు వచ్చిన మరుసటి ఏడాదే 5 పౌండ్ల 18 షిల్లింగుల అప్పుకు అరెస్టయ్యాడు. నవలా రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్ డబ్బు పంపితే బయటపడ్డాడు. 1762లో రాజు ఏడాదికి 300 పౌండ్ల పింఛను ఇచ్చాకే ఆయన ఇంట్లో పొయ్యి నిశ్చింతగా వెలిగింది.

ఆ నిఘంటువులో పిల్లి అన్న మాటకు అర్థం చూశాను. ఎలుకల్ని పట్టే ఇంటి జంతువు అంటూనే, ప్రకృతి శాస్త్రజ్ఞులు దాన్ని సింహాల జాతిలో అన్నిటికంటే కింది మెట్టు మీద లెక్కేస్తారని రాశాడు. చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత మా పాలన్నం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. సింహానికి పాలన్నం పెట్టాం మేము.

ఆయన ఇల్లు ఒక సత్రంలా ఉండేది. కళ్లు కనపడని కవయిత్రి అన్నా విలియమ్స్, పేదల వాడల్లో తిరిగి వైద్యం చేసి ఇచ్చింది పుచ్చుకునే రాబర్ట్ లెవెట్, నిలువనీడ లేని మరికొందరు, అందరూ ఆయన కప్పు కిందే. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. ఆ పోట్లాటలు భరించలేక ఒక్కోసారి ఆయనే ఇంటికి రావడానికి జంకేవాడు. రాత్రి పొద్దుపోయి తిరిగి వచ్చేటప్పుడు వీధి అరుగుల మీద నిద్రపోతున్న అనాథ పిల్లల గుప్పిట్లో పెన్నీలు పెట్టి పోయేవాడట, లేవగానే ఏదైనా కొనుక్కుని తింటారని. చూశారా, నిద్రపోతున్నప్పుడు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు. పిసినారిని మనం పిల్లికి బిచ్చం పెట్టనివాడంటాం. ఈయన పిల్లికి పెట్టిన తీరు అంతకంటే చిత్రం.

ఆ ఇంట్లో ఫ్రాన్సిస్ బార్బర్ అనే నల్లజాతి కుర్రవాడు పని చేసేవాడు. జమైకాలో చెరకు తోటల మధ్య బానిసగా పుట్టినవాడు. 1750లో యజమాని అతణ్ని ఇంగ్లండ్ తీసుకొచ్చాడు. 1752లో, జాన్సన్ భార్య పోయిన కొద్ది రోజులకే, పదేళ్ల వయసులో ఈ ఇంటికి చేరాడు. జాన్సన్‌కు బానిసత్వం అంటే పరమ అసహ్యం. ఫ్రాన్సిస్‌ను చదివించాలని, బాగా ఖర్చయినా వెనకాడకుండా బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్‌లో బడికి పంపాడు.

ఇక హాడ్జ్. అది ముసలిదై జబ్బుపడింది. ఆయిస్టర్లు తప్ప ఇంకేమీ నోట పెట్టడం లేదు. ఆ రోజుల్లో లండన్‌లో ఆయిస్టర్లు పేదల తిండి, వీధుల్లో గంపల్లో పెట్టి అమ్మేవారు. ఇప్పుడు మంచి రెస్టారెంట్‌లో డజను తింటే బిల్లు చూసి బాధపడాలి, అది వేరే సంగతి. తేవాల్సింది నౌకరు. ఇంట్లో నౌకరు ఉన్నాడు కూడా. అయినా దేశమంతా పేరు తెలిసిన ఆ పండితుడు, ఆ భారీ మనిషి, చూపానని కళ్లతో తానే బజారుకు వెళ్లి పిల్లికి తిండి కొనుక్కొచ్చేవాడు.

ఎందుకు? ఆయన్ని దగ్గర నుంచి చూసిన ఇద్దరు దీనికి రెండు కారణాలు చెప్పారు. 1791లో ఆయన జీవిత చరిత్ర రాసిన జేమ్స్ బాస్వెల్ లెక్క ప్రకారం అది పిల్లి కోసం. పని నౌకర్ల మీద వేస్తే వాళ్లకు విసుగొచ్చి పాపం ఆ మూగజీవి మీద అయిష్టం పెంచుకుంటారని. బాస్వెల్‌కు ఏళ్ల ముందే, 1786లో, జాన్సన్ జ్ఞాపకాలు అచ్చు వేయించిన హెస్టర్ థ్రేల్ చెప్పిన కారణం వేరు. అది ఫ్రాన్సిస్ కోసం. ఒక నాలుగు కాళ్ల జంతువు సౌకర్యానికి తనను పురమాయించారే అని అతని మనసు నొచ్చుకోకూడదని.

ఎవరి మాట నిజమని తేల్చడానికి పండితులు తగువులాడుకోవచ్చు. నాకైతే థ్రేల్ చెప్పిందే దగ్గరగా అనిపిస్తుంది. బానిసగా పుట్టిన మనిషిని పిల్లికి సేవ చేయమని ఎలా పంపుతాం? ఒకప్పుడు గుమ్మం ముందు చెప్పులు చూసి విలవిల్లాడిన మనిషికి ఆ నొప్పి తెలుసు. బాస్వెల్ చెప్పింది మాత్రం నన్ను నేరుగా తగిలింది. మా ఇంట్లో జరిగింది అదే కదా. డబ్బా తెరిచే చెయ్యి ఒకరిది, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటోలు తీసి ఊళ్లో వాళ్లకు పంపేది ఇంకొకరు. విసుగు నా మీదికి రావాల్సింది, పిల్లి మీదికి పోయింది.

బాస్వెల్‌కు పిల్లులంటే పడదు. ఒక పిల్లి గదిలో ఉంటే చాలు అవస్థపడేవాడు. అయినా నిజాయితీగా ఒక దృశ్యం రాసి పెట్టాడు. హాడ్జ్ జాన్సన్ ఛాతీ మీదికి ఎగబాకుతోంది. ఆయన నవ్వుతూ దాని వీపు నిమురుతున్నాడు. మంచి పిల్లండీ అని బాస్వెల్ మర్యాదకు అన్నాడు. అవును కానీ దీనికంటే నాకు నచ్చినవి ఇంతకుముందు ఉండేవని జాన్సన్ అనేశాడు. వెంటనే అది విని పిల్లి చిన్నబుచ్చుకుందేమో అన్నట్టు, లేదులే, ఇది చాలా మంచి పిల్లి అని సర్దుకున్నాడు. బాస్వెల్ ఆయన్ని కలిసింది 1763లో, గాఫ్ స్క్వేర్ ఇల్లు వదిలేసిన నాలుగేళ్లకు. అంటే బాస్వెల్ చూసిన హాడ్జ్ వేరే ఇంట్లో ఉన్నదన్నమాట. 1997లో జాన్ బిక్లీ అనే శిల్పి చేసిన విగ్రహాన్ని మాత్రం నిఘంటువు పుట్టిన ఇంటి ముందే పెట్టారు.

ఆయిస్టర్ల గురించి మా వెట్‌ను అడిగాను. ముసలి పిల్లికి అవి ఊరికే నచ్చలేదని ఆవిడ వివరించింది. మెత్తన, నమలక్కర్లేదు, వాసన గాఢంగా ఉంటుంది. పైగా వాటిలో టౌరిన్ అనే పదార్థం పుష్కలం. మన ఒంట్లో అది తయారవుతుంది, పిల్లి తనకు కావాల్సినంత తయారుచేసుకోలేదు. మాంసం, చేపల్లోంచే రావాలి. అన్నంలో, పప్పులో అది లేదు. టౌరిన్ లేని తిండి తిన్న పిల్లుల కంటి రెటీనా పాడవుతుందని 1975లో తేలింది. గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియాలో పాల్ పయన్ అనే వెట్, ఆయన సహచరులు బయటపెట్టారు. అప్పటిదాకా డబ్బాల్లో అమ్మే తిండిలోనూ అది చాలినంత ఉండేది కాదు, ఆ తర్వాతే కంపెనీలు పెంచాయి. విటమిన్ ఏ సంగతీ అంతే. మనం క్యారెట్ తింటే ఒంట్లో విటమిన్ అవుతుంది, పిల్లికి కాదు. తీపి రుచి కూడా దానికి తెలియదు, ఆ జన్యువు పనిచేయదు. జాన్సన్ రాసిన కింది మెట్టు సింహం మాట అక్షరాలా నిజం.

అలాగని ఎవరూ రేపే చేపల మార్కెట్‌కు వెళ్లొద్దు. పచ్చి ఆయిస్టర్లలో రోగక్రిములు ఉండొచ్చు. కొన్ని పచ్చి చేపల్లో, చిప్పజీవుల్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. ఏదో ఒక్కటే పెట్టి పెంచితే లోటు తప్పదు. బ్రిటన్‌లో డబ్బా మీద కంప్లీట్ అన్న మాట ఉందా, కాంప్లిమెంటరీ అన్న మాట ఉందా అని చూసుకోవాలి. మొదటిదైతే రోజూ అదొక్కటే పెట్టొచ్చు, రెండోది చిరుతిండి కిందే లెక్క. ఏడాది నిండేదాకా కూనలకు వాటి వయసుకు చేసిందే పెట్టాలి. పొట్ట చిన్నది కాబట్టి రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. పెద్దయ్యాక నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 క్యాలరీలు చాలు, అంతకు మించితే లావెక్కుతుంది. ఒకటి రెండు రోజులు పూర్తిగా తిండి మానేస్తే కాలేయానికి ప్రమాదం, ఆగకుండా వెట్ దగ్గరికి పోవాలి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. సాంబారన్నం మిగిలింది కదా అని వేయకూడదు.

మరి పాలు? పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఈ మాట ఫోన్‌లో అమ్మకు చెబితే నమ్మలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందన్న సామెత ఊరికే పుట్టిందా అంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ గుర్తుచేశాను. రాయలవారు ఇచ్చిన పిల్లికి సలసల కాగే పాలు పెట్టి, జన్మలో పాలగిన్నె చూస్తే పారిపోయేలా చేశాడే, అదీ కథ. ఎలుకల్ని పట్టుకోనిచ్చి ఉంటే పాలు తాగనందుకు ఆ పిల్లికి పోయేదేమీ లేదు. 

శాకాహార డబ్బాలు కూడా దొరుకుతాయి, టౌరిన్‌ను కృత్రిమంగా తయారుచేసి కలుపుతారు. మాకు ఆశ పుట్టింది. ఎదిగే కూన మీద ఆ ప్రయోగం వద్దని వెట్ ఖచ్చితంగా చెప్పింది. మేం తినేది మా ఇష్టం, మా ఆచారం. దాని ఒంటికి ఆచారం లేదు. మా ఆవిడే చివరికి ఆ మాట అంది. కాకపోతే వంటింట్లో వద్దు అని ఒక్క షరతు పెట్టింది.

అందుకని బాల్కనీ తలుపు పక్కన ఒక చిన్న బల్ల వేశాను. దానికో గిన్నె, చెంచా, స్పాంజి అన్నీ విడిగా. పొద్దున ఆరున్నరకు, సాయంత్రం కాల్ మధ్యలో మ్యూట్ పెట్టి అయినా సరే, డబ్బా తెరిచేది నేను, గిన్నె కడిగేది నేను. మొదటి వారం కడుపులో తిప్పింది. నెల తిరిగేసరికి మా ఆవిడ సోఫా మీద చోటిచ్చి, దుప్పటి కూడా వేసింది. ఆవిడ చేతికి ఇప్పుడు ఆ వాసన లేదు కదా.

హాడ్జ్ చివరి రోజుల్లో దాని బాధ తగ్గడానికి జాన్సన్ వలేరియన్ అనే మూలిక కొనుక్కొచ్చి ఇచ్చాడంటారు. 1784 డిసెంబర్ 13న జాన్సన్ పోయాడు. వెస్ట్‌మినిస్టర్ అబీలో పూడ్చారు. విల్లు తెరిచి చూస్తే ఏడాదికి 70 పౌండ్ల భృతితో పాటు మిగిలిన ఆస్తిలో ఎక్కువ భాగం ఫ్రాన్సిస్ బార్బర్‌కు రాసి ఉంది. పెద్దమనుషులు కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఫ్రాన్సిస్ భార్యాపిల్లలతో జాన్సన్ పుట్టిన ఊరికి, లిచ్‌ఫీల్డ్‌కు, వెళ్లి స్థిరపడ్డాడు. ఆయన వంశంవాళ్లు ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు.

ప్రాజెక్టు ముగిసిన ఆఖరి రోజు మా అమ్మాయిని గాఫ్ స్క్వేర్‌కు తీసుకెళ్లాను. చిప్పలో పెన్నీ వేసి, హాడ్జ్ చెవుల మధ్య నిమిరింది. లంచ్ బాక్సు తెరవబోతే, పిల్లి ముందు పెరుగన్నం వద్దు నాన్నా, కుళ్లుకుంటుంది అంది. పక్క బెంచీకి మారి తిన్నాం.